ఇంట్లో ఇంటర్నెట్ ఎందుకు నెమ్మదిస్తుంది? లోపం ఏ మజిలీలో ఉందో తేల్చుకునే పద్ధతి

నెట్ స్లోగా ఉందని విజయవాడలో కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయమంటారు. అప్పటికీ బాగుపడకపోతే పెద్ద ప్లాన్‌కు మారమంటారు. మొదటి సలహా కొన్నిసార్లు పనిచేస్తుంది. రెండోది పనిచేసే సందర్భాలు తక్కువ. నెలకు మరికొంత డబ్బు కట్టి 40 ఎంబీపీఎస్ నుంచి 100కు, 100 నుంచి 200కు మారిన తరువాత కూడా వెనక పడకగదిలో వీడియో అక్కడే ఆగిపోయి చక్రం తిరుగుతూ ఉండటం పటమటలోనో మొగల్రాజపురంలోనో అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి కొత్త కాదు. డబ్బు పెట్టి పెంచుకున్నది కంపెనీ నుంచి గుమ్మం వరకు వచ్చే వేగాన్ని. అడ్డంకి ఉన్నది చాలా ఇళ్లలో గుమ్మం లోపల.

ఒక వీడియో మన ఫోన్‌లోకి రావాలంటే ఎన్నో మజిలీలు దాటాలి. ఎక్కడో ఉన్న సర్వర్, చెన్నై, ముంబై, హైదరాబాద్ వంటి చోట్ల ఉన్న డేటా కేంద్రాలు, అక్కడి నుంచి విజయవాడకు వచ్చే ప్రధాన లైను, ఆపరేటర్ ఆఫీసు, స్తంభాల మీదుగా వీధిలోకి దిగే ఫైబర్, ఇంట్లో గోడకు బిగించిన ఫైబర్ బాక్సు, రౌటర్, చివరగా గాలిలో ప్రయాణించే వైఫై. వీటిలో ఏ ఒక్కచోట దారి ఇరుకైనా మొత్తం వేగం ఆ ఇరుకుకే పరిమితమవుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువకు ఎంత నీరు వదిలినా మధ్యలో తూము పూడుకుపోతే చివరి ఆయకట్టుకు నీరందదు. అందుకే రైతు గట్టు వెంట నడిచి, నీరు ఎక్కడిదాకా నిండుగా వస్తున్నదో చూసి, ఆ తరువాతే ఎవరినైనా అడుగుతాడు. ఇంటర్నెట్ విషయంలోనూ ఒక్కో మజిలీని విడదీసి కొలవడమే పద్ధతి. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. రౌటర్ స్థలం, కేబుల్, సెట్టింగులు అన్నీ ఒకేరోజు మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల పాడైందో తెలియదు.

అంకెల సంగతి ముందు

ప్లాన్‌లో కంపెనీ చెప్పే ఎంబీపీఎస్ సెకనుకు మెగాబిట్లు. ఫైల్ పరిమాణాన్ని ఫోన్, కంప్యూటర్ చూపించేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్ కనుక 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద డౌన్‌లోడ్ సెకనుకు 12.5 మెగాబైట్లకు మించదు. డౌన్‌లోడ్ విండోలో 11 లేదా 12 అని కనిపించగానే కంపెనీ మోసం చేసిందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ మోసమేమీ లేదు, లైను పూర్తి వేగంతో పనిచేస్తోందని దాని అర్థం.

అసలు మనకు ఎంత కావాలన్నది కూడా ముందే తెలుసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ తన వినియోగదారులకు చెప్పే లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్, 4కే నాణ్యతకు 15 ఎంబీపీఎస్ చాలు. వీడియో కాల్‌కు మంచి నాణ్యతతో మూడు నాలుగు ఎంబీపీఎస్ సరిపోతుంది. నలుగురు ఉన్న ఇంట్లో ఇద్దరు సినిమాలు చూస్తూ, ఒకరు ఆఫీసు మీటింగ్‌లో ఉంటూ, ఒకరు ఆన్‌లైన్ క్లాసు వింటున్నా 40 ఎంబీపీఎస్ నిజంగా అందితే ఎవరికీ ఇబ్బంది ఉండకూడదు. ఆ ఇంట్లో ఇబ్బంది ఉందంటే ప్లాన్ చిన్నదై కాదు, ఆ 40 అందవలసిన చోటికి అందకనే. అరుదుగా ఒక మినహాయింపు ఉంటుంది: నెల డేటా పరిమితి దాటిపోయి కంపెనీ వేగం తగ్గించడం. చాలా ప్లాన్లలో ఈ పరిమితి నెలకు 3,300 జీబీ దాకా ఉండటం వల్ల మామూలు కుటుంబాలు దాన్ని చేరవు. అయినా కంపెనీ యాప్‌లో వాడకం ఎంతో చూడటానికి నిమిషం పట్టదు కనుక ముందే చూసి ఆ అనుమానాన్ని తీర్చుకోవడం మంచిది.

వైరుతో మొదటి కొలత

మొదటి పరీక్ష వైఫై మీద చేయకూడదు. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా ఫైబర్ బాక్సుకు గానీ రౌటర్‌కు గానీ కలిపి, వైఫై ఆపేసి, ఇంట్లో మిగతావారు నెట్ వాడని సమయంలో స్పీడ్ టెస్ట్ చేయాలి. ఈ ఒక్క కొలత సమస్యను రెండుగా చీలుస్తుంది. వైరు మీద ప్లాన్ వేగం పూర్తిగా వస్తే కంపెనీ, వీధి, ఫైబర్ అన్నీ దాదాపు నిర్దోషులు, లోపం చాలావరకు వైఫైది. వైరు మీద కూడా రాకపోతే రౌటర్‌ను ఎక్కడికి జరిపినా ప్రయోజనం ఉండదు. ల్యాన్ పోర్టు లేని కొత్త ల్యాప్‌టాప్‌లకు యూఎస్‌బీ అడాప్టర్ తెచ్చుకోవలసి వస్తుంది. పెద్ద ప్లాన్‌కు మారే ముందు ఈ చిన్న ఖర్చు పెట్టడం వివేకమని నా అభిప్రాయం.

వైరు మీద వచ్చే అంకెను జాగ్రత్తగా చూడాలి. 200 లేదా 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నవారికి ఎన్నిసార్లు పరీక్షించినా 94 దగ్గరే వేగం నిలిచిపోతే ఆ అంకే జబ్బు పేరు చెబుతోంది. మార్గంలో ఎక్కడో ఒకచోట 100 ఎంబీపీఎస్ మాత్రమే మోయగల పోర్టు లేదా దెబ్బతిన్న కేబుల్ ఉంది. ఆ హద్దులో ఇతర సమాచారానికి పోయే భాగం పోగా మనకు మిగిలేది దాదాపు 94. ల్యాన్ కేబుల్ లోపల ఎనిమిది సన్నని తీగలు జతలు జతలుగా మెలిపెట్టి ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు వాటిలో నాలుగు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. తలుపు సందులో నలిగి ఒక తీగ తెగినా, కనెక్టర్ బిగించేటప్పుడు ఒక తీగ సరిగా కూర్చోకపోయినా కనెక్షన్ అన్నిసార్లూ పూర్తిగా పోదు. 100కు అవసరమైన ఆ నాలుగూ బాగుంటే రెండు పరికరాలూ వాటితోనే సర్దుకుని 100కు దిగిపోతాయి. కనెక్టర్‌ను వెలుతురులో పట్టుకుని పారదర్శకమైన ప్లాస్టిక్‌లోంచి చూస్తే ఎనిమిది రాగి కొసలూ ముందు అంచు దాకా వచ్చాయో లేదో కంటికే తెలుస్తుంది. కొన్ని పాత అపార్ట్‌మెంట్లలో ఆపరేటర్ ఫైబర్‌ను కింద స్విచ్ బాక్సు దాకా తెచ్చి, అక్కడి నుంచి ఒక్కో ఫ్లాటుకు ల్యాన్ కేబులే లాగుతాడు. అలాంటిచోట ఆ కేబుల్ ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి ఉంటుంది. దానిని మార్చమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది.

స్పీడ్ టెస్ట్ ఎక్కడికి కొలుస్తున్నదన్నది కూడా ముఖ్యమే. ఈ పరీక్షలు తమంతట తామే అతి దగ్గరి సర్వర్‌ను ఎంచుకుంటాయి. అది చాలాసార్లు మన కంపెనీ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. అప్పుడు బయటి దారి కిక్కిరిసి ఉన్నా ఫలితం మాత్రం బాగానే కనిపిస్తుంది. కాబట్టి సర్వర్‌ను మార్చి, వేరే కంపెనీకి చెందిన హైదరాబాద్ లేదా చెన్నై సర్వర్‌తో మరోసారి కొలవాలి. నెట్‌ఫ్లిక్స్ నడిపే ఫాస్ట్ డాట్ కామ్ తన వీడియోలు పంపే సర్వర్ల నుంచే వేగాన్ని కొలుస్తుంది కనుక సినిమాలు ఎలా వస్తాయో దాని ద్వారా తెలుస్తుంది. ఈ రెండింటికీ పెద్ద తేడా ఉంటే ఆ తేడానే సాక్ష్యంగా దాచుకోవాలి.

వైఫై: గుమ్మం లోపలి ఇరుకు

వైరు మీద 100 వచ్చి, ఫోన్‌లో 35 లేదా 40 మాత్రమే వస్తుంటే ఆ ఫోన్ బహుశా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు మీద ఉంది. బ్యాండు అంటే వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణి; అందులోని ఒక్కో దారిని ఛానెల్ అంటారు. చవక రౌటర్ డబ్బా మీద 300 ఎంబీపీఎస్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. రెండు యాంటెనాలు, రెట్టింపు వెడల్పు ఛానెల్, అవతల అంతే సామర్థ్యం ఉన్న పరికరం, చుట్టుపక్కల మరే సిగ్నలూ లేకపోవడం, ఇవన్నీ కలిసివచ్చినప్పుడు కాగితం మీద వచ్చే అంకె అది. మామూలు ఛానెల్ వెడల్పుతో ఒక యాంటెనా ఫోన్‌కు రౌటర్‌తో కుదిరే అనుసంధాన వేగం 72 ఎంబీపీఎస్. రేడియోలో ఒకసారికి ఒకరే మాట్లాడాలి, మాట అందిందని అవతలివారు ప్రతిసారీ తిరిగి చెప్పాలి కనుక నిజంగా చేతికి వచ్చేది అందులో సగానికి కాస్త అటూ ఇటూ. 40 అనే అంకె పుట్టేది అక్కడే.

దీనికి పొరుగు తోడవుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 ఛానెళ్లున్నా ఒకదానితో ఒకటి కలవనివి 1, 6, 11 మాత్రమే. బెంజి సర్కిల్ పరిసరాల్లో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో నిలబడి ఫోన్‌లో వైఫై పేర్లు చూస్తే తెర నిండా వరుస కడతాయి. అవన్నీ ఈ మూడు దారులనే పంచుకోవాలి. పక్క ఫ్లాటు వారు సినిమా చూస్తున్నంతసేపూ అదే ఛానెల్ మీద ఉన్న మన రౌటర్ తన వంతు కోసం ఆగుతుంది. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఆ గీతలు చెప్పేది రౌటర్ గొంతు ఎంత గట్టిగా వినబడుతున్నదన్నదే, మాట్లాడే అవకాశం ఎంత దొరుకుతున్నదన్నది కాదు. సిగ్నల్ ఫుల్‌గా ఉంది, నెట్ మాత్రం రావడం లేదు అనే ఫిర్యాదుకు ఎక్కువసార్లు మూలం ఇదే. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇదే బ్యాండులో పనిచేస్తాయి కనుక వంటింట్లో ఓవెన్ తిరుగుతున్న రెండు నిమిషాలూ ఆ పక్క గదిలో వీడియో తడబడటం సహజమే.

రౌటర్ ఆపి మళ్లీ వేస్తే కాసేపు బాగుపడటానికి ఒక కారణం ఇక్కడే ఉంది. ఆటోమేటిక్‌గా ఛానెల్ ఎంచుకునే రౌటర్లలో చాలావరకు ఆన్ అయినప్పుడు చుట్టూ విని, ఖాళీగా ఉన్న ఛానెల్ మీద కూర్చుంటాయి. తరువాత ఆ ఛానెల్ మీదికి పొరుగు వచ్చి చేరినా వెంటనే కదలవు. అందువల్ల రీస్టార్ట్ చేయగానే వెంటనే బాగుపడితే ఛానెల్‌ను అనుమానించాలి. వైఫై అనలైజర్ వంటి ఉచిత యాప్‌తో ఏ ఛానెల్ మీద రద్దీ తక్కువగా ఉందో చూసి, 1, 6, 11లలో ఒకదాన్ని స్థిరంగా పెట్టుకోవచ్చు. ఛానెల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కే ఉంచడం ఇరుకు అపార్ట్‌మెంట్లలో మేలు చేస్తుంది.

అసలైన పరిష్కారం 5 గిగాహెర్ట్జ్ బ్యాండు. అందులో ఛానెళ్లు ఎక్కువ, వెడల్పూ ఎక్కువ. రెండు యాంటెనాల మామూలు ఫోన్‌కు కూడా 866 ఎంబీపీఎస్ అనుసంధాన వేగం కుదరగలదు. అయితే ఈ తరంగాలకు గోడలు దాటే శక్తి తక్కువ. సత్యనారాయణపురంలో పాత డాబా ఇళ్ల మందపు గోడలైనా, కొత్త భవనాల కాంక్రీటు స్తంభాలైనా రెండు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీరసిస్తుంది. ఇనుప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, నీళ్ల డ్రమ్ము ఇంకా గట్టి అడ్డంకులు. ఆపరేటర్ మనిషి వరండా వైపు నుంచి కేబుల్ లోపలికి తెచ్చి, దగ్గరగా కనిపించిన టీవీ షోకేసు వెనకో, అటక మీదో బాక్సు పెట్టి వెళ్లిపోతాడు. ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి ఆ నిర్ణయానికే కట్టుబడి ఉంటారు. బాక్సు అక్కడే ఉన్నా, ఒక మంచి ల్యాన్ కేబుల్ లాగి రౌటర్‌ను ఇంటి మధ్యకు, మనిషి తల ఎత్తుకు, బీరువాలకు దూరంగా తేవచ్చు. నేను చెప్పే మార్పుల్లో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

మేడమీదికి సిగ్నల్ అందడం లేదని రిపీటర్ కొనేవారు ఒక విషయం గమనించాలి. ఒకే బ్యాండుతో పనిచేసే రిపీటర్ విన్నదాన్ని మళ్లీ అదే ఛానెల్ మీద తిరిగి చెబుతుంది కనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోటే దాన్ని పెడితే బలహీనతనే పెంచి పంపుతుంది. పై అంతస్తుకు ల్యాన్ కేబుల్ తీసుకెళ్లి అక్కడ రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై పంచే కేంద్రంగా మాత్రమే, పెట్టడం దీనికంటే ఎంతో నయం. ఇంకొక సూక్ష్మమైన సంగతి: వెనక గదిలో మూలన ఉన్న పాత ఫోన్ గానీ, గేటు దగ్గరి వైఫై కెమెరా గానీ బలహీనమైన సిగ్నల్ వల్ల చాలా తక్కువ వేగంతో మాట్లాడుతుంది, అంటే అదే సమాచారానికి ఎక్కువ సమయం గాలిని ఆక్రమిస్తుంది. ఆ ఒక్క పరికరం వల్ల రౌటర్ పక్కనే కూర్చున్నవారి వేగం కూడా తగ్గుతుంది.

వేసవి గురించి కూడా చెప్పాలి. ఇళ్లలో వాడే రౌటర్లలో ఎక్కువ వాటికి తయారీదారులు చెప్పే పరిసర ఉష్ణోగ్రత పరిమితి 40 డిగ్రీలు. మే నెలలో విజయవాడ, గుంటూరులలో బయట ఎండే దాన్ని దాటుతుంది; గాలి ఆడని షోకేసులో, సెట్‌టాప్ బాక్సు మీద పేర్చిన రౌటర్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం మాత్రమే నెట్ తడబడి, రాత్రి చల్లబడ్డాక బాగుంటే వేడిని అనుమానించాలి. అలాగే రౌటర్ తనంతట తాను ఆగి మళ్లీ లేస్తుంటే నీరసించిన అడాప్టర్‌ను మార్చి చూడాలి.

వేగం ఉన్నా మాట తెగడం

స్పీడ్ టెస్ట్ 100 చూపిస్తుంది, వీడియో కాల్‌లో మాత్రం మాట తెగిపోతుంది. ఈ చిక్కు వేగానికి సంబంధించినది కాదు, ఆలస్యానికి సంబంధించినది. ఒక చిన్న ప్యాకెట్, అంటే సమాచార ముక్క, వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారు, మిల్లీసెకన్లలో కొలుస్తారు. దాన్ని చూడటం కష్టం కాదు. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు రౌటర్ చిరునామాకు, అంటే చాలా ఇళ్లలో 192.168.1.1కు, తరువాత గూగుల్ డీఎన్ఎస్ (సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే) సర్వర్ 8.8.8.8కు పింగ్ పంపాలి. రౌటర్ ఇంట్లోనే ఉంది కనుక జవాబు ఒకటి నుంచి ఐదు మిల్లీసెకన్లలో రావాలి. అది ఒకసారి 3, ఒకసారి 140, ఒకసారి అసలు రాకపోవడం జరిగితే లోపం వైఫైలో ఉందని వేరే సాక్ష్యం అక్కరలేదు. రౌటర్ దాకా బాగుండి, 8.8.8.8 దగ్గర ఎగుడుదిగుడులు కనిపిస్తే సమస్య బయటిది, లేదా ఇప్పుడు చెప్పబోయే వరుసది.

ఆ పింగ్‌ను అలాగే నడవనిస్తూ పక్కన స్పీడ్ టెస్ట్ మొదలుపెట్టాలి. మామూలుగా 15 మిల్లీసెకన్లు ఉన్నది అప్‌లోడ్ పరీక్ష దశలో 300, 400కు ఎగబాకితే రౌటర్ లేదా ఫైబర్ బాక్సు తనలో పెద్ద వరుస పేర్చుకుంటోందని అర్థం. పంపగలిగినదాని కంటే ఎక్కువ సమాచారం వచ్చినప్పుడు, దేన్నీ వదులుకోకుండా అన్నింటినీ తన మెమరీలో దాచి ఒక్కొక్కటిగా పంపడం ఆ పరికరాల స్వభావం. ఫలితంగా వీడియో కాల్ తాలూకు చిన్న ప్యాకెట్ కూడా ఆ పొడవాటి వరుస చివర నిలబడాలి. ఈ లక్షణానికి బఫర్‌బ్లోట్ అనే పేరుంది. ఇంట్లో దీన్ని కలిగించేవి మనకు కనిపించవు: పెళ్లి నుంచి తిరిగి రాగానే ఫోన్లు వందల ఫోటోలు, వీడియోలను క్లౌడ్‌కు ఎక్కించడం, నాలుగు సీసీ కెమెరాలు ఒక్కొక్కటి 2 నుంచి 4 ఎంబీపీఎస్ చొప్పున పగలూ రాత్రీ బయటికి పంపుతూ ఉండటం. అప్‌లోడ్ తక్కువ ఉన్న ప్లాన్‌లో ఇవే కాల్‌ను మింగేస్తాయి.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఫోటోల బ్యాకప్‌ను తెల్లవారుజామున జరిగేలా మార్చడం, కెమెరాలను ఇంట్లోని రికార్డర్‌లోనే దాచుకునేలా పెట్టడం ఒకటి. రౌటర్‌లో ఈ వరుసను అదుపు చేసే స్మార్ట్ క్యూ లేదా క్యూఓఎస్ (QoS) సదుపాయం ఉంటే, కొలిచిన వేగంలో 85 నుంచి 90 శాతాన్ని పరిమితిగా ఇవ్వడం రెండోది. కొంత వేగం వదులుకోవలసి వస్తుంది, కానీ వరుస మన రౌటర్ అదుపులోకి వస్తుంది, చిన్న ప్యాకెట్లకు ముందు దారి దొరుకుతుంది. ఆఫీసు పని ఇంటి నుంచి చేసేవారికి ఈ బేరం ఎంతో లాభసాటి.

పేజీ తెరుచుకోవడానికి ముందు మూడు నాలుగు సెకన్లు ఏమీ జరగకుండా ఉండి, తెరుచుకున్నాక చకచకా నడిస్తే డీఎన్ఎస్‌ను అనుమానించాలి. రౌటర్‌లో డీఎన్ఎస్ చిరునామాను 1.1.1.1కు గానీ 8.8.8.8కు గానీ మారిస్తే ఆ విరామం తగ్గుతుంది. డౌన్‌లోడ్ వేగం మాత్రం దానితో పెరగదు.

గుమ్మం బయట

వైరు మీదే వేగం రానప్పుడు ఫైబర్ బాక్సు వైపు చూడాలి. పాన్ (PON) అనే లైటు ఆకుపచ్చగా నిలకడగా వెలగాలి; ఎల్ఓఎస్ (LOS) అనే లైటు ఎర్రగా మెరిస్తే వెలుతురు అందడం లేదని అర్థం, ఆపరేటర్‌ను పిలవడమే మార్గం. లైట్లన్నీ సరిగా ఉండి కూడా నెట్ నెమ్మదిస్తే బాక్సు సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ అనే చోట ఉన్న అంకెను చదవాలి. ఇళ్లకు సాధారణంగా వాడే జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) పరికరాలకు అందే వెలుతురు మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం (వెలుతురు బలాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే హాయిగా ఉన్నట్లు. ప్రతి 3 డీబీ తగ్గుదలకు వెలుతురు సగమవుతుంది. మైనస్ 27కు చేరువైన కొద్దీ ప్యాకెట్లు మధ్యమధ్య పాడవుతాయి. కొద్ది ప్యాకెట్లు పోయినా దెబ్బ పెద్దదే, ఎందుకంటే పోయిన ప్రతి ప్యాకెట్‌ను రద్దీకి గుర్తుగా భావించి పంపే సర్వర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది.

వెలుతురు తగ్గడానికి కారణాలు చాలాసార్లు కంటికి కనిపించేవే. సోఫా వెనక ఫైబర్‌ను మరీ చిన్న చుట్టగా చుట్టి ఉంచడం, మేకు దెబ్బ తగలడం, కనెక్టర్ కొసన దుమ్ము పట్టడం. వంపును విప్పి వదులుగా ఉంచడం మనం చేయవచ్చు. కొసను శుభ్రం చేయడం, అతుకు వేయడం మాత్రం పనివారికే వదలాలి. ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడకూడదు, అందులోని లేజర్ వెలుతురు కంటికి కనబడదు కానీ హాని చేయగలదు. వీధి వైపు సంగతి మన చేతిలో లేదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ కూడా తవ్వకాల ఖర్చు తగ్గించుకోవడానికి కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగింది. అలా వేలాడే తీగలకు ఈదురుగాలి, ఎత్తయిన లారీ, విరిగిపడే కొమ్మ ఎప్పుడూ గండమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగినట్లు జరిగినప్పుడు జాయింట్ బాక్సుల్లోకి చేరిన తేమా బురదా, వరద తగ్గిన తరువాత కూడా వెలుతురును తినేస్తాయి. అలాంటి చోట పాత అతుకులను తీసి కొత్తవి వేయమని పట్టుబట్టడమే సరైనది.

వెలుతురు బాగుండి కూడా రాత్రి 8 నుంచి 11 వరకే నెమ్మదిస్తుంటే అది పంపకం సమస్య. జీపాన్‌లో ఒక ప్రధాన ఫైబర్ మీద వచ్చే దాదాపు 2.5 గిగాబిట్లను వెలుతురును చీల్చి పంచే స్ప్లిటర్ ద్వారా 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. అందరూ ఒకే క్షణాన పూర్తి వేగం లాగితే 64 ఇళ్ల లెక్కన ఒక్కొక్కరికి 39 ఎంబీపీఎస్ మాత్రమే మిగులుతుంది. నిజానికి అందరూ ఒకేసారి లాగరు కనుక ఇక్కడ ఇరుకు పడటం తక్కువ. అంతకంటే ఎక్కువగా ఇరుకు పడేది ఆపరేటర్ పైనుంచి కొన్న సామర్థ్యం దగ్గర. ఉదయం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి వైరు మీద, అదే సర్వర్‌కు కొలిచిన అంకెలను పక్కపక్కన పెడితే ఇది దాచినా దాగదు. మన ప్రాంతంలో ఈ రాత్రి వేళకు మరో ప్రత్యేకత ఉంది. ఇక్కడ 9 గంటలైనప్పుడు న్యూయార్క్‌లో ఉదయం 10.30 లేదా 11.30. అమెరికాలో ఉన్న పిల్లలతో తల్లిదండ్రులు మాట్లాడుకునే సమయం, వీధి మొత్తం సినిమాలు, క్రికెట్ చూసే సమయం ఒకటే అవుతున్నాయి. ఆ గంటలో మాట తెగితే ఆ పెద్దవారికి కలిగే వెలితి చిన్నది కాదు, అందుకే ఈ సమస్యను తేలిగ్గా తీసుకోకూడదు.

అయితే ఆ కాల్‌లో కొంత ఆలస్యం ఎవరూ తీర్చలేనిది. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. న్యూయార్క్ ఇక్కడి నుంచి సూటిగా కొలిచినా దాదాపు 13,000 కిలోమీటర్లు కనుక పోయి రావడానికే 130 మిల్లీసెకన్లు కావాలి. సముద్ర కేబుళ్లు చుట్టు తిరిగి పోతాయి కాబట్టి 200 దాటడం మామూలే. 2008 జనవరి చివర ఈజిప్టు తీరంలో, 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు ఈ దూరం ఇంకా పెరిగింది. యూట్యూబ్ బాగా వస్తూ, విదేశీ సైట్లు మాత్రమే నత్తనడక నడిచే రోజుల్లో ఇలాంటి కారణం ఉండవచ్చు. ప్రధాన వీడియో సంస్థలు తమ నకలు సర్వర్లను మన దేశంలోనే, కంపెనీల నెట్‌వర్క్‌లలోనే పెట్టుకున్నాయి కనుక వాటికి సముద్రం దాటే పని పెద్దగా ఉండదు.

ఫిర్యాదు ఎలా రాయాలి

లోపం బయటిదని తేలితే ఫిర్యాదులో నెట్ స్లోగా ఉంది అని మాత్రమే రాస్తే మళ్లీ రౌటర్ ఆపి వేయమన్న జవాబే వస్తుంది. తేదీ, సమయం, వైరు మీద కొలిచిన వేగం, ఏ సర్వర్, ఉదయం రాత్రి తేడా, 8.8.8.8 పింగ్, ఆప్టికల్ పవర్ అంకె, స్క్రీన్‌షాట్లు జతచేస్తే లైన్ చూడటానికి వచ్చే మనిషి సరైన పరికరంతో వస్తాడు. చాలా వీధుల్లో కనెక్షన్ ఇచ్చింది స్థానిక ఆపరేటర్ అయినా బిల్లు ఇచ్చేది కంపెనీ. ఆపరేటర్ గారికి ఫోన్‌లో చెప్పడం మర్యాద, కానీ కంపెనీ కస్టమర్ కేర్‌లో నమోదు చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోవడం తప్పనిసరి. ఆ సంఖ్య లేకపోతే తరువాతి మెట్టు ఎక్కలేము. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు పరిష్కారం కాకపోతే గడువు ముగిసిన 30 రోజుల్లోపు అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు, దానిని 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను స్వయంగా విచారించదు కనుక అక్కడికి ఉత్తరాలు రాసి కాలం పోగొట్టుకోవద్దు. అప్పీలు కూడా ఫలించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ కూడా ఉదయం, రాత్రి అంకెల పట్టికే సాక్ష్యంగా పనికొస్తుంది కనుక కనీసం ఒక వారం రోజుల కొలతలను ఒకే పద్ధతిలో, ఒకే సమయాల్లో తీసి ఉంచుకోవాలి.